బ్యాండ్‌క్యాంప్‌లో బ్రిటిష్ రాక్ వేట: ఆరేళ్ళు వాడాక

హైదరాబాద్‌లో కూర్చుని లండన్ పబ్బుల్లో వాయించే కుర్రాళ్ళ పాటలు వెతుక్కోవడం ఏం పిచ్చి అని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. 2019లో లండన్ రాక్ బ్యాండ్ బ్లాక్ మిడి పాట ఒకటి విని అదిరిపోయి, అలాంటివాళ్ళు ఇంకెవరున్నారా అని బ్యాండ్‌క్యాంప్‌లో, అంటే బ్యాండ్లు తమ పాటలను నేరుగా అమ్ముకునే సైట్‌లో, ఖాతా తెరిచాను. ఆరేళ్ళు దాటినా వదల్లేదు.

దీంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది, ఆల్బమ్ పేజీలో కొన్నవాళ్ళ చిన్న చిన్న బొమ్మలు. ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి ఇప్పటిదాకా కొన్నవన్నీ కనిపిస్తాయి. చిన్నప్పుడు పక్కింటి అన్నయ్య క్యాసెట్ల అల్మారా ముందు నిలబడ్డట్టే. స్క్విడ్, బ్లాక్ కంట్రీ న్యూ రోడ్ అనే బ్రిటిష్ బ్యాండ్లు రెండిటినీ కొన్నవాడి అల్మారాలో మూడో పేరు చూసి వింటే, పదింట నాలుగైనా నచ్చుతాయి. స్ట్రీమింగ్ యాప్‌లు వరసగా వినిపించే పాటల్లో నాకు రెండు కూడా నచ్చవు. ఊరి పేరుతో వెతికే వీలూ ఉంది. లీడ్స్, బ్రిస్టల్ అని కొట్టి ఎన్ని ఆదివారాలు గడిపానో!

ముందు లేబుల్‌ను, అంటే పాటలు విడుదల చేసే కంపెనీని పట్టుకోండి, బ్యాండ్లు వాటంతటవే దొరుకుతాయి. నేను పట్టుకున్నది నిర్మాత డాన్ కేరీ నడిపే స్పీడీ వండర్‌గ్రౌండ్. పాటను ఒక్క రోజులో రికార్డు చేసి, 250 చిన్న వినైల్ రికార్డులు మాత్రమే వేయడం వాళ్ళ పద్ధతి. ఆ 250లో ఒకటి మనదాకా వస్తుందని ఆశ పెట్టుకోకండి. 2024లో బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ ప్రైజ్ గెలిచిన లీడ్స్ బ్యాండ్ ఇంగ్లిష్ టీచర్ కూడా అంతకుముందు ఈ లేబుల్‌లో ఒక సింగిల్ చేసింది.

డబ్బు సంగతి. డిజిటల్ అమ్మకం మీద సైట్ కమిషన్ 15 శాతం. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని సైట్ ప్రకటించే కొన్ని శుక్రవారాల్లో అదీ తీసుకోరు. ఆ శుక్రవారం అమెరికా పశ్చిమ తీరపు టైము ప్రకారం నడుస్తుంది కాబట్టి మనకు మధ్యాహ్నం పన్నెండున్నరకి, చలికాలంలో ఒంటిగంటన్నరకి మొదలై శనివారం అదే వేళదాకా ఉంటుంది. మొదట్లో ఇది తెలియక పొద్దున్నే లేచి కొనేశాను. నా కార్డు విదేశీ చెల్లింపుకి రెండుసార్లు మొరాయించింది, ఆ టెన్షన్ వేరే. ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) తెప్పించుకోవడం మాత్రం ఒకే ఒక్కసారి: పోస్టేజీ, కస్టమ్స్ కలిపి రికార్డు ధరను దాటిపోయాయి, అట్ట మూల నలిగి వచ్చింది. ఇప్పుడు నాణ్యత తగ్గని ఎఫ్‌ఎల్‌ఏసీ డిజిటల్ ఫైళ్ళతోనే సరి.

ఇక్కడ దొరకనిది ఒకటుంది. ఈ బ్యాండ్ల కొత్త పాటలు ముందు పుట్టేది స్టేజీ మీదే, ముఖ్యంగా లండన్‌లో బ్రిక్స్‌టన్‌లోని విండ్‌మిల్ అనే చిన్న పబ్బులో. 2022లో రెండో ఆల్బమ్ విడుదలకి నాలుగు రోజుల ముందు బ్లాక్ కంట్రీ న్యూ రోడ్ గాయకుడు ఐజక్ వుడ్ తప్పుకున్నాడు. మిగిలినవాళ్ళు అతని పాటలు పక్కనపెట్టి, కొత్తవి రాసుకుని ఆ వేసవి ఫెస్టివల్స్‌లో వాయించారు. వాటిని నేను విన్నది ప్రేక్షకులు ఫోన్లలో తీసి యూట్యూబ్‌లో పెట్టిన వీడియోల్లో, పక్కవాళ్ళ కబుర్లతో సహా. కాబట్టి యూట్యూబ్ పక్కన తెరిచి ఉంచుకోండి.

బ్యాండ్‌క్యాంప్ సైట్ 2022లో వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్ చేతికి, మరుసటి ఏడు సంగీత లైసెన్సింగ్ కంపెనీ సాంగ్‌ట్రేడర్ చేతికి వెళ్ళినప్పుడు భయపడి, కొన్నవన్నీ హార్డ్ డిస్క్‌లో దింపుకున్నాను. మీరూ దింపుకోండి. నా విష్‌లిస్టులో ఇప్పటికి పదకొండు ఆల్బమ్‌లున్నాయి, వచ్చే బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేకి కొనేది మూడో నాలుగో.