సిటీ బస్సుల మధ్య సైకిల్‌కి వెనక రాడార్: గార్మిన్ వేరియా ఆర్‌టీఎల్ 515 ఎంతవరకు పనికొస్తుంది?

ఊరి బయట ఖాళీ రోడ్ల మీద ఈ రాడార్ ఎలా పనిచేస్తుందో చెప్పే రివ్యూలు బోలెడున్నాయి. అక్కడ ఇది చాలా బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ రోజూ ఆఫీసుకి బస్సు రూట్ మీదే సైకిల్ తొక్కేవాళ్ల టెన్షన్ వేరు కదా, వాళ్లకి ఇది ఎంత పనికొస్తుందో ఎవరూ సరిగ్గా రాయట్లేదు. నేను తొక్కేది అలాంటి రోడ్ల మీదే కాబట్టి ఆ సంగతే చెబుతాను.

ముందు వస్తువు గురించి కొంచెం. చూడ్డానికి ఇది సీటు కింద రాడ్డుకి తగిలించే మామూలు వెనక లైటు, బరువు 71 గ్రాములు, లోపల మాత్రం చిన్న రాడార్ ఉంటుంది. వెనక 140 మీటర్ల దాకా మనవైపు వస్తున్న బండ్లను పసిగట్టి, హ్యాండిల్ మీదున్న సైకిల్ కంప్యూటర్‌కో (స్పీడు, దూరం చూపించే చిన్న తెర) ఫోన్‌కో చెబుతుంది. తెర అంచున ఒక చుక్క కనిపించి, బండి దగ్గరయ్యేకొద్దీ పైకి పాకుతుంది, బండి మరీ వేగంగా వస్తుంటే రంగు ఎర్రగా మారుతుంది. లైటు కూడా వెనక బండి దగ్గర పడుతుంటే మెరిసే తీరు మార్చుకుంటుంది. కంపెనీ లెక్క ప్రకారం బ్యాటరీ పగటి ఫ్లాష్ మోడ్‌లో 16 గంటలు, ఆగకుండా వెలిగితే 6 గంటలు వస్తుంది. అసలు ఈ ఆలోచన దక్షిణాఫ్రికాలోని ఐకుబు అనే చిన్న కంపెనీది, 2015లో గార్మిన్ దాన్ని కొనేసుకుంది, ఈ 515 మోడల్ 2020లో వచ్చింది.

బస్సుల విషయంలో దీనివల్ల పెద్ద మేలు ఏంటంటే, మనకి టైమ్ దొరుకుతుంది. నేను గంటకి 20 కిలోమీటర్ల స్పీడులో వెళ్తున్నాను, వెనక బస్సు 40లో వస్తోంది అనుకోండి. తేడా 20, అంటే సెకనుకి సుమారు అయిదున్నర మీటర్లు. 140 మీటర్ల దూరంలోనే రాడార్ పట్టేస్తే ఆ బస్సు నన్ను చేరడానికి పాతిక సెకన్లు పడుతుంది. రోడ్డు మీద పాతిక సెకన్లంటే చాలా ఎక్కువ. ముందున్న గుంతని నెమ్మదిగా తప్పించుకోవచ్చు, పక్కన ఆగిన కారుని ఇప్పుడే దాటాలా బస్సు పోయాక దాటాలా అని తేల్చుకోవచ్చు, తల తిప్పి ఒకసారి చూసి చెయ్యి చూపించవచ్చు. సైకిల్ వాళ్ల మీద బస్సు డ్రైవర్లకి ఉండే పెద్ద ఫిర్యాదు, చెప్పాపెట్టకుండా పక్కకి తిరుగుతారని. అది చాలాసార్లు నిజమే, ఎందుకంటే వెనక బస్సు ఉందని మనకి తెలిసేసరికే హారన్ చెవి పక్కన మోగుతుంది, ఉలిక్కిపడతాం, హ్యాండిల్ వంకర పోతుంది. ముందే తెలిస్తే ఆ ఉలికిపాటు ఉండదు, సైకిల్ గీత గీసినట్టు వెళ్తుంది, డ్రైవర్‌కీ మనం ఎటు పోతామో అర్థమవుతుంది. దీనికి నేను కళ్లు మూసుకుని అయిదుకి అయిదు ఇస్తాను.

ఇక ఇబ్బంది. రాడార్ పనిచేసేది వేగాల తేడా మీద, స్కూల్లో చదువుకున్న డాప్లర్ ఎఫెక్టే. వెనక బస్సు సరిగ్గా మీ స్పీడులోనే వస్తుంటే తేడా సున్నా, అప్పుడు తెర మీద చుక్క మాయమైపోతుంది. ఇది ఈ ఒక్క మోడల్ లోపం కాదు, ఈ రకం రాడార్ పనిచేసే పద్ధతే అంత. హైవే మీద ఇది సమస్యే కాదు, కారు మీ వెనకే నెమ్మదిగా ఎంతసేపు వస్తుంది? సిటీలో మాత్రం బస్సు చేసేది చాలాసార్లు అదే. దాటడానికి జాగా దొరక్క 20 స్పీడులో మీ వెనకే వస్తుంది. తెర ఎవరూ లేరన్నట్టు ఖాళీగా ఉంటుంది, పది టన్నులకి పైగా బరువున్న బండి మీ వెనక టైరుకి కొన్ని మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ ఖాళీ తెరని నమ్మి పక్కకి తిరిగారంటే ప్రాణం మీదకి వస్తుంది. ఈ మాట కొనేముందే ప్రతి ఒక్కరికీ తెలియాలి, షాపుల వాళ్లు ఇది గట్టిగా చెప్పరు, నాకు బాధ కలిగించేది అదే.

దాటే సమయంలో ఇంకో చిక్కు ఉంది. మామూలు సిటీ బస్సు పొడవు దాదాపు 12 మీటర్లు. అది 25లో, మీరు 20లో ఉంటే మిమ్మల్ని పూర్తిగా దాటడానికి పది సెకన్ల దాకా పడుతుంది, అంతసేపూ మీ పక్కన ఒక ఇనుప గోడ నడుస్తున్నట్టే. ఈలోగా ముందు స్టాప్ వచ్చిందంటే డ్రైవర్ సీటు మిమ్మల్ని ఎప్పుడో దాటేసింది కాబట్టి ఆయన లెక్కలో మీరు వెనక ఉన్నారు, బస్సు వెనక భాగం మాత్రం ఇంకా మీ భుజం పక్కనే ఉంటుంది. ఆయన అంచుకి తిప్పుతాడు, వెనక చక్రాలు ముందు చక్రాలకంటే ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. సైకిల్ వాళ్లు కావాలని నొక్కేశాడని తిట్టుకునే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇదేనని నా నమ్మకం. రాడార్ చూసేది వెనకవైపు ఒక సన్నటి కోణంలోనే, అందుకే పక్కకి వచ్చేసిన బస్సు గురించి దానికేమీ తెలియదు. ఎంత దగ్గరగా దాటిందో కూడా చెప్పదు. బ్రిటన్ హైవే కోడ్ (అక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ప్రకారం 2022 నుంచి గంటకి 30 మైళ్ల లోపు స్పీడులో సైకిల్‌ని దాటేవాళ్లు కనీసం 1.5 మీటర్లు వదలాలి, జర్మనీలో ఊళ్ల లోపల 2020 నుంచి అదే దూరం చట్టంలో ఉంది. ఆ దూరం కొలవాలంటే ఇది కాదు, పక్కకి చూసే సెన్సర్ కావాలి. జర్మనీలో కొందరు సైకిల్ ప్రియులు ఓపెన్‌బైక్‌సెన్సర్ పేరుతో అలాంటిది సొంతంగా తయారుచేసుకుంటున్నారు.

బస్ స్టాపుల దగ్గర ఆట తెలిసిందేగా. బస్సు ఆగుతుంది, మనం దాటుతాం, అది కదిలి మనల్ని దాటుతుంది, మళ్లీ ముందు స్టాపులో ఆగుతుంది, మళ్లీ మనం. అదే బస్సు, అదే సైకిల్, స్టాప్ స్టాప్‌కీ ఇద్దరికీ ఒళ్లు మండిపోతుంటుంది. ఇక్కడ ప్రమాదమంతా ముందు ఆగి ఉన్న బస్సుతో, రాడార్‌కి ముందు ఏముందో తెలీదు. పనికొచ్చేది డ్రైవర్ వేసే ఇండికేటర్ ఒక్కటే. బస్సు బయటికి రావడానికి ఇండికేటర్ వేస్తే నేను ఆగిపోతాను. జర్మనీలో స్టాప్ నుంచి కదిలే బస్సుకి దారి ఇవ్వాలని చట్టమే ఉంది, బ్రిటన్ హైవే కోడ్ కూడా వీలైనప్పుడు ఇవ్వమంటుంది. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ బస్సులో యాభై మంది ఉంటారు, డ్రైవర్ మీద ట్రిప్ టైమ్ ఒత్తిడి ఉంటుంది. ఒక్కసారి ముందుకి పోనిస్తే ఆ ఆట అక్కడితో ఆగిపోతుంది. ఫుట్‌పాత్‌కీ ఆగిన బస్సుకీ మధ్య సందులోంచి దూరడం మాత్రం ఎప్పుడూ వద్దు, తలుపు అటే తెరుచుకుంటుంది, దిగేవాళ్లు మనల్ని చూడరు.

ఇవన్నీ చూశాక నేను రాడార్‌తోపాటు హ్యాండిల్ చివర చిన్న గుండ్రటి అద్దం కూడా వాడుతున్నాను, నిజం చెప్పాలంటే బస్సు రూట్ మీద అద్దానిదే పైచేయి. అదే స్పీడులో వెంట వస్తున్న బస్సుని చూపించేది అదే. రాడార్ ఏమో దూరంగా ఉండగానే తల ఎత్తి చూడమని చెబుతుంది, అద్దం అది బస్సా కారా బైకా చెబుతుంది, ఎందుకంటే రాడార్‌కి అన్నీ ఒకేలాంటి చుక్కలే. ఒక పెద్ద బస్సు వెనక దాక్కుని వచ్చే బైకుని రాడార్ చాలాసార్లు చూడలేదు కూడా. బస్సు దాటిపోయింది కదా అని వెంటనే బయటికి రాకండి.

వెనక బండి కనబడ్డప్పుడల్లా కంప్యూటరో ఫోనో బీప్ కూడా చేస్తుంది, రద్దీ రోడ్డు మీద దాని సంగతి కూడా చెప్పాలి. ఆగకుండా మోగుతూనే ఉంటుంది, కాసేపటికి మన చెవి దాన్ని వినడం మానేస్తుంది, అదే అన్నిటికంటే ప్రమాదం. నేను రద్దీలోకి వచ్చాక శబ్దం ఆపేసి చుక్కలు మాత్రం ఉంచుతాను, రోడ్డు ఖాళీ అయ్యాక మళ్లీ ఆన్ చేస్తాను.

బస్సు డ్రైవర్ వైపు నుంచి చూస్తే వీటన్నిట్లో పనికొచ్చేది లైటే. ఈ లైటు పగలు ఒక మైలు దూరం దాకా కనిపిస్తుందని కంపెనీ అంటుంది. అంత దూరం సిటీలో ఎలాగూ అక్కర్లేదు, ఎండలో కూడా మెరుపు స్పష్టంగా ఉండడమే కావాల్సింది, అది ఉంది. లండన్ పోలీసులు సైకిల్ వాళ్లని లారీ డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి అక్కడినుంచి ఏమి కనిపిస్తుందో ఏమి కనిపించదో చూపించే కార్యక్రమం నడిపారు. అలాంటిది ప్రతి బస్ డిపోలో పెట్టాలి, డ్రైవర్లని కూడా ఒకసారి సైకిల్ ఎక్కించి పక్కనుంచి బస్సు పోనివ్వాలి. లండన్‌లో చాలా బస్ లేన్లలోకి సైకిళ్లని రానిస్తారు, నెదర్లాండ్స్‌లో చాలాచోట్ల సైకిల్ దారిని స్టాప్ వెనకనుంచి తిప్పేస్తారు, ఆ రెండోదే నాకు నచ్చుతుంది, ఇద్దరూ ఒకరికొకరు అడ్డం రారు.

కొనాలా అంటే, మీ దారిలో సగమైనా కార్లు వేగంగా పోయే రోడ్డు ఉంటే కొనండి. దారంతా బస్సు స్టాపులే అయితే ముందు అద్దం, మంచి వెనక లైటు కొనుక్కోండి, రాడార్ తర్వాత చూడొచ్చు. పెట్టుకున్నవాళ్లు సీటు వెనక బ్యాగు వేలాడదీస్తే అది రాడార్‌కి అడ్డం రాకుండా చూసుకోండి, పొడవాటి చొక్కా అంచు వేలాడి లైటుని కప్పేసినా అంతే.