చేతి జీపీఎస్ కొనే లినక్స్ వాడకందారులకు హెచ్చరిక: పెట్టె మీద ‘యూఎస్‌బీ’ అని ఉంటే సరిపోదు

నడిచిన దారులను నమోదు చేసుకుందామని ఈమధ్య ఒక చేతి జీపీఎస్ కొన్నాను. ‘యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు కలపవచ్చు’ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఆ ఒక్క మాట నమ్మడమే నేను చేసిన పొరపాటు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తిప్పలు ఏ కంపెనీ పరికరంతోనైనా రావచ్చు.

తొమ్మిది గంటలు నడిచి వచ్చిన రాత్రి దాన్ని నా లినక్స్ కంప్యూటర్‌కు తగిలించాను. తెర మీద బ్యాటరీ బొమ్మ నిండుతోంది, ఫైల్ మేనేజర్‌లో మాత్రం కొత్త డిస్కు జాడ లేదు. మొదట కేబుల్‌ను అనుమానించాను. తీరా చూస్తే పెట్టెలో ఇచ్చింది ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే రకం! వేరే కేబుల్ పెట్టాక, యూఎస్‌బీకి తగిలించిన పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) ఆదేశంలో కొత్త వరుస ఒకటి కనిపించింది. హమ్మయ్య అనుకుని, కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) తెరిస్తే, పరికరం దొరికిందని ఉంది గాని ‘మాస్ స్టోరేజ్’ అన్న మాట ఎక్కడా లేదు. అంటే అది పెన్‌డ్రైవ్‌లా తెరుచుకునే రకం కాదు, తన సొంత ప్రోటోకాల్‌లో తప్ప పలకదు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ విండోస్‌కు, మ్యాక్‌కు మాత్రమే ఉందన్న సంగతి మాన్యువల్ చివర చీమతలకాయంత అక్షరాల్లో దాక్కుంది. జీపీఎస్‌బేబెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్నో పాత పరికరాల నుంచి డేటా లాగగలదు, దీని ముందు మాత్రం చేతులెత్తేసింది. ‘విండోస్ వేసుకోండి’ అన్నది సహాయ కేంద్రం వారి సలహా.

స్నేహితుడి విండోస్ కంప్యూటర్‌లో ఎలాగో జీపీఎక్స్ ఫైలు (జీపీఎస్ దారులను దాచే ఫైలు రకం) బయటికి తీశాను. అసలు దెబ్బ అందులో ఉంది. ‘సేవ్’ నొక్కగానే పరికరం నా దారిని 500 బిందువులకు కుదించి, వాటి సమయాలను చెరిపేసింది. సగటున నిమిషానికి ఒక బిందువు కూడా మిగలలేదు. నేను చుట్టి వచ్చిన చిన్న కుంట మ్యాపులో చూస్తే నీళ్ల మధ్యనుంచి తిన్నని గీత! సమయాలు లేవు కనుక ఫొటోలను ఆయా చోట్లకు జతచేసే వీలూ పోయింది. ఆ పని జరిగేది ఫొటో తీసిన సమయాన్ని జీపీఎక్స్‌లోని సమయంతో పోల్చే కదా. వెనక్కి ఇవ్వబోతే ‘ఇది లోపం కాదు, అంతే’ అన్నారు.

కనుక కొనేముందు ‘యూఎస్‌బీ ఉందా’ అని అడగకండి, అది దాదాపు అన్నిటికీ ఉంటుంది. మాస్ స్టోరేజ్‌గా తెరుచుకుంటుందా, దారిని సమయాలతో సహా జీపీఎక్స్‌లో రాస్తుందా అని అడగండి. ఎంటీపీ (ఆండ్రాయిడ్ ఫోన్లు కంప్యూటర్‌కు ఫైళ్లు పంపే పద్ధతి) అని చెబితే భయపడనక్కరలేదు. లినక్స్‌లో దానికోసం లిబ్‌ఎంటీపీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, కాస్త నత్తనడకే అయినా ఫైళ్లు వస్తాయి. మెమరీ కార్డు గాడిని చూసి మురిసిపోకండి. నా దాంట్లోనూ ఉంది, కాని కార్డులోకి వెళ్లేది మ్యాపులే, దారులు కావు. వీలైతే మీ ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, అక్కడే ఒక ఫైలు కాపీ చేసి చూడండి.

ఇప్పటికే కొన్నవారు ముందు సెట్టింగుల్లో యూఎస్‌బీ మోడ్ మార్చే వీలుందేమో వెతకండి, కొన్నిటికి ఉంటుంది. సీరియల్ పోర్టుగా కనిపిస్తూ ‘అనుమతి లేదు’ అంటుంటే పరికరాన్ని తిట్టకండి. చాలా లినక్స్‌లలో మీ ఖాతాను, సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ (dialout) గ్రూపులో చేర్చి, మళ్లీ లాగిన్ అయితే చాలు.