ఏడాది వాడాక రాస్తున్నాను: పాటలు బాగున్నాయి, సర్దిన తీరు బాగాలేదు

మాది రాజమండ్రి. ఇంట్లోనే పిల్లలకు సంగీతం చెబుతాను, ఇప్పుడు పద్నాలుగు మంది వస్తున్నారు. పోయిన ఉగాదికి ఈ పాటల యాప్‌కి సంవత్సరం చందా కట్టాను. మధ్యలో ప్రకటనలు రావు, శబ్దం శుభ్రంగా ఉంటుంది, నెట్ పోయినా డౌన్‌లోడ్ చేసుకున్నవి ఆగకుండా వస్తాయి. పొద్దున్నే సాధనకి తంబూర శ్రుతి కూడా ఇందులోనే పెట్టుకుంటున్నాను. ఇంతవరకు ఏ లోటూ లేదు.

నా బాధంతా పాటల్ని ఏ అరలో పెట్టారన్న దాని గురించే.

ఆరేళ్ల పాప ఒకతికి అన్నమయ్య 'చందమామ రావో జాబిల్లి రావో' నేర్పుదామని వెతికాను. ఒకరు పాడినది డివోషనల్‌లో ఉంది. ఇంకొకరు పాడిన అదే కీర్తన క్లాసికల్‌లో ఉంది. మూడోది కిడ్స్‌లో, కుందేలు బొమ్మతో. ఆ పక్కనే 1986 నాటి 'సిరివెన్నెల' సినిమాలోని 'చందమామ రావే'. అమ్మలు గోరుముద్దలు పెడుతూ పాడేది ఒకటి, అన్నమయ్యది ఒకటి, సినిమాది ఒకటి. మూడూ చుట్టాలే. కానీ ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే దారి యాప్‌లో లేదు. పాప మాత్రం మూడూ విని, "అన్నీ ఒకే చందమామకేనా టీచర్?" అని అడిగింది.

తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద అధ్యాత్మ, శృంగార అని రెండే భాగాలు. ఒక్కో పాటకీ రాగం పేరు చెక్కారు. అయిదు వందల ఏళ్ల నాటి ఆ పద్ధతి నాకు ఈనాటికీ పనికొస్తుంది. రాగం పేరు చూస్తే ఎలా ఎత్తుకోవాలో తెలుస్తుంది. డివోషనల్ అని చూస్తే ఏం తెలుస్తుంది?

అన్నిటికంటే మనసు కష్టపెట్టింది లలిత సంగీతం. విజయవాడ రేడియో వింటూ పెరిగినదాన్ని. బాలాంత్రపు రజనీకాంతరావు గారి పాటలు, 'ఈ మాసపు పాట', భక్తిరంజని... ఇవి సినిమా పాటలు కావు, కచేరీ కృతులు కావు, అయినా ఇంటింటా పాడుకునేవాళ్లం. వీటికి మనకంటూ చక్కటి పేరుంది. యాప్‌లో 'లలిత సంగీతం' అని కొడితే లలితా సహస్రనామం వచ్చింది. 'లైట్ మ్యూజిక్' అని కొడితే నిద్రపట్టించే పియానో వచ్చింది. బాలమురళీకృష్ణ గారు పాడిన 'ఏమి సేతురా లింగా' తత్త్వం, అంటే వేదాంతం చెప్పే పాట, క్లాసికల్‌లో ఉంది. పాడినవారిని చూసి అక్కడ పెట్టారు గానీ, పాట ఏమిటో చూడలేదు.

స్కూల్లో జానపద గీతాల పోటీ ఉందని ఒకమ్మాయి వచ్చింది. ఫోక్ అని నొక్కితే అన్నీ ఈమధ్య స్టూడియోలో చేసిన డీజే బీట్ పాటలే. వాటిని నేను తక్కువ చేయను, వాటిలో కొన్ని పల్లవులు నిజంగా ఊళ్లో పుట్టినవే. కానీ వాటినీ వడ్లు దంచుతూ పాడే దంపుళ్ల పాటనీ ఒకే పేరు కింద పెడితే ఆ పిల్ల ఎక్కడని వెతుక్కుంటుంది? 'బండెనక బండి కట్టి' తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట, 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడారు. యాప్ దాన్ని ఫిల్మ్ అంటోంది. ఆ అమ్మాయి చివరికి వాళ్ల నాయనమ్మ దగ్గర ఒక దంపుళ్ల పాట నేర్చుకుని వచ్చి పోటీలో పాడింది.

మా అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు. వాడు చెప్పాకే దీని మూలం కొంత అర్థమైంది. 1996లో ఎంపీ3 ఫైలు చివర పాట వివరాలు రాసే పద్ధతి ఒకటి తెచ్చారట. అందులో పాట రకానికి ఒకే ఒక్క అంకె, మొత్తం 80 రకాలు. క్లాసికల్ ఉంది, ఎథ్నిక్ ఉంది, ఎందులోనూ పట్టకపోతే అదర్ ఉంది. ఫోక్ కూడా తర్వాత చేర్చిందే. కర్ణాటక సంగీతానికి చోటే లేదు. ఒక పాటకి ఒకే గడి అన్న అలవాటు అప్పటి నుంచి పోలేదనిపిస్తోంది.

ఇదే యాప్‌లో ఎవరో శ్రోత 'మోహన' అని రాగం పేరుతో చేసిపెట్టిన జాబితా దొరికింది. సాధనకి నేర్పే నిన్నుకోరి వర్ణం, వెంటనే 'మాయాబజార్' సినిమాలోని 'లాహిరి లాహిరి లాహిరిలో'. రెండూ ఆ రాగంలోవే. అది చేసినవారికి దణ్ణం పెట్టాలనిపించింది. నేను పిల్లలకు చెప్పేదీ అలాగే. ఆ రోజు క్లాసులో రెండూ వినిపిస్తే, వర్ణం అంటే విసుక్కునే పిల్లాడు కూడా స్వరాలు పట్టుకున్నాడు.

హెల్ప్‌లైన్‌కి ఇవన్నీ రాశాను. సంబంధిత టీమ్‌కి పంపామని జవాబొచ్చింది, అంతే. నేను అడిగింది రెండే: ఒక పాటకి ఒకటికి మించి పేర్లు పెట్టండి, తెలిసినచోట రాగం రాయండి.

మూడు స్టార్లు ఇస్తున్నాను. చందా మళ్లీ కడతాను, ఇన్ని పాటలు నాకు ఇంకోచోట దొరకవు. ఈలోగా నా జాబితాలు నేనే చేసుకుంటున్నాను. మొదటిదానికి పాప చెప్పిన పేరే పెట్టాను: 'ఒకే చందమామ'.