కంప్రెసర్‌లో గాలి ఎక్కడం లేదు: వాల్వులా, రింగులా, కొత్త హెడ్డా, ఏది మేలు?

పంక్చర్ షాపులోనైనా, పెయింటింగ్ షెడ్డులోనైనా ఎక్కువగా వినపడే బాధ ఇదే. మోటారు ఆగకుండా తిరుగుతుంది, గేజీ ముల్లు మాత్రం ఐదారు బార్ దాటదు. ఒకరు పిస్టన్ రింగులు పోయాయంటారు, ఇంకొకరు హెడ్డే, అంటే గాలి కొట్టే పంపు మొత్తాన్నే, మార్చేయమంటారు. నేనైతే ముందు వాల్వ్ ప్లేటు, అంటే గాలిని లోపలికి, బయటికి వదిలే రేకులుండే పలక, చూడమంటాను.

అసలు ఏదైనా విప్పే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఎక్కినంత గాలి ఎక్కాక మెయిన్ ఆపి, బయటికి వెళ్లే కాక్ కట్టేసి ముల్లు చూడండి. ముల్లు దిగిపోతుంటే ముందు లీకు వెతకాలి. జాయింట్ల మీద సబ్బు నురుగు రాస్తే ఎక్కడ పోతోందో తెలిసిపోతుంది. మోటారు ఆగినప్పుడు ప్రెషర్ స్విచ్ దగ్గర ‘స్స్’మని ఒకసారి గాలి వదలడం మామూలే. అది ఆగకుండా వస్తూనే ఉంటే ట్యాంకు మీద గాలి వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పట్టడం లేదని అర్థం. పాపం, చాలామంది స్విచ్ మార్చేసి డబ్బు పోగొట్టుకుంటారు. ట్యాంకులో గాలంతా వదిలేసి ఆ వాల్వు విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ముల్లు కదలకుండా నిలబడి, నిండడానికే టైం పడుతుంటే ఫిల్టరు దుమ్ము, బెల్టు వదులు చూసుకుని అప్పుడు హెడ్డు దగ్గరికి రండి. ఫిల్టరు తీసి, మోటారు తిరుగుతుండగా గాలి లాగే చోట అరచెయ్యి అడ్డం పెట్టండి. లాగిన గాలి మళ్లీ చేతికి ఎదురు కొడుతుంటే లోపలి వాల్వు రేకు సరిగా కూర్చోవడం లేదు. మసి పట్టి ఉంటుంది, లేదా రేకు విరిగి ఉంటుంది. మసి శుభ్రం చేసి, లేదా రేకు మార్చి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగిస్తే ఒక పూటలో పని అయిపోతుంది.

రింగులు అరిగితే గుర్తులు వేరు. హెడ్డు కింద ఆయిల్ ఉండే భాగానికి గాలి ఆడే రంధ్రం, అంటే బ్రీథర్, నుంచి పొగలాగా గాలి కొడుతుంది, ఆయిల్ మాటిమాటికీ తగ్గుతుంది, గాలితోపాటు నూనె వచ్చి పెయింటు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. ఇవేవీ లేకుండా రింగులు వేయించడం దండగ. వేయించేటప్పుడు కూడా సిలిండర్ లోపల గోరుతో గీసి చూడండి. గీతల్లో గోరు తట్టుకుంటే కొత్త రింగులు నిలవవు, సిలిండర్ లోపలి గోడ చెక్కించి బోరు చేయించాల్సిందే.

కొత్త హెడ్డు మాట బోరుతోపాటు బేరింగులు, కనెక్టింగ్ రాడ్ కూడా పోయి టకటక కొట్టుకుంటున్నప్పుడే. అప్పుడు కూడా మోటారు హెచ్‌పీకి, పుల్లీ సైజుకు సరిపోయే హెడ్డే కొనాలి.

మోటారు తిరగకుండా మూలుగుతుంటే మాత్రం ఈ మూడింటి జోలికీ వెళ్లకండి. వెంటనే స్విచ్ ఆపి ముందు వోల్టేజీ, కెపాసిటర్, సన్నటి పొడుగు వైరు చూసుకోండి.

వీటిలో ఏది చేయించాలన్నా ముందు గాలి పూర్తిగా వదిలి, ట్యాంకు అడుగున డ్రెయిన్ విప్పి చూడండి. అడుగున చేరిన నీళ్లు రోజూ వదలని ట్యాంకు లోపలినుంచి తుప్పు తిని పలచబడుతుంది. అడుగున చెమ్మ గానీ, సూది బెజ్జం గానీ కనిపిస్తే వెల్డింగ్ పెట్టించొద్దు. అతుకు పక్కనే పేలితే మనిషి ప్రాణం పోతుంది. ఆ ట్యాంకు పక్కన పడేసి కొత్తది వేయించాకే హెడ్డు మీద డబ్బు పెట్టండి.