జాగ్రత్త: ఫైళ్ళున్న హార్డ్ డిస్కును దుకాణంలో ఎవరి చేతికీ ఇవ్వకండి

బరంపురం నుంచి ఇప్పుడే పర్లాకిమిడి చేరాను. కోపం చల్లారకముందే రాస్తున్నాను. దుకాణం పేరు రాయను. మన తెలుగువాళ్ళదే కదా అని ఇక్కడినుంచి బస్సెక్కి వెళ్ళి కొనేవాళ్ళకు అది తెలుసు.

పోయిన నెల అక్కడే 4 టీబీ డిస్కు కొన్నాను. పార్టిషన్ (డిస్కును భాగాలుగా విడదీయడం), ఫార్మాట్ (ఆ భాగాన్ని ఫైళ్ళు దాచేందుకు సిద్ధం చేయడం) వాళ్ళే చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే 2 టీబీయే కనిపించింది. ఫోను చేస్తే "కంపెనీ లెక్క అంతే మాస్టారూ" అన్నాడు దుకాణంవాడు. అది అబద్ధం. కంపెనీ చెప్పే 4 టీబీ విండోస్‌లో 3.63గా కనిపిస్తుంది కానీ సగానికి పడిపోదు. డిస్కులో ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసిపెట్టే పద్ధతులు రెండు: పాతది ఎంబీఆర్, కొత్తది జీపీటీ. జీపీటీ ఎంచుకోవలసిన చోట ఎంబీఆర్ ఎంచుకున్నాడు. ఎంబీఆర్ సెక్టార్లను, అంటే డిస్కులోని చిన్న చిన్న గడులను, 32 బిట్ల సంఖ్యతో లెక్కిస్తుంది కాబట్టి, 512 బైట్ల సెక్టార్లున్న డిస్కులో 2 టీబీ దాటిన చోటును వాడుకోలేదు. మిగతా 1,678 జీబీ ఎందుకూ పనికిరాకుండా పడి ఉంది.

ఈ సంగతి తెలిసేలోగా పాత కంప్యూటరులోని ఫైళ్ళన్నీ ఇందులోకి ఎక్కించి అక్కడివి తుడిచేశాను. ఆ తప్పు నాదే. పన్నెండేళ్ళ ఫోటోలు, ఇక్కడి పిల్లల కోసం నేను చేసిన తెలుగు పాఠాలు, మా అమ్మమ్మ గొంతులో రికార్డు చేసిన కథలు అందులోనే ఉన్నాయి. అమ్మమ్మ ఇప్పుడు లేదు.

ఈ ఉదయం డిస్కు అతని చేతికిస్తూ "ఫైళ్ళు పోవు కదా" అని మూడుసార్లు అడిగాను. "ఏమీ పోవు, మీరు టీ తాగండి మాస్టారూ" అన్నాడు. గ్లాసు అందుకుని తల ఎత్తేసరికి పార్టిషన్ తీసేశాడు. "ఆగు బాబూ, ఆగు" అని అరిచాను. వినిపించుకోకుండా జీపీటీకి మార్చి, క్విక్ ఫార్మాట్ దగ్గరి టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ మొదలుపెట్టాడు. అది డిస్కంతా సున్నాలు రాసుకుంటూ పోతుంది, రాసిన మేర పాత ఫైళ్ళు ఇక తిరిగి రావు. ఆపమని బతిమాలాను. "మధ్యలో ఆపితే డిస్కు పాడవుతుంది" అన్నాడు. ఒక శాతం, రెండు శాతం, అయిదు. అంకె మారినప్పుడల్లా ఇప్పుడు పోయింది ఏ కథో అనుకుంటూ నిలబడ్డాను. చెయ్యి చాపితే అందే వైరు అది. ఎందుకు లాగలేదో నాకే తెలియడం లేదు. అక్కడున్న నలుగురూ వినేలా అతనన్న మాట ఇది: "రెండు చోట్ల దాచుకోవాలని తెలియదా? పిల్లలకు ఏం పాఠాలు చెబుతావు?" మాస్టారూ అన్న పిలుపు అప్పటికే పోయింది.

కొనేవాళ్ళు కొత్త డిస్కును ఇంట్లోనే సిద్ధం చేసుకోండి. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీ ఎంచుకుని, ఆపైన ఎన్టీఎఫ్ఎస్ అనే రకంలో ఫార్మాట్ చేయండి. పది నిమిషాల పని. అందులో ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చాలంటే ముందు పార్టిషన్లన్నీ తీసేయాలి, కాబట్టి ఫైళ్ళు వేరేచోట పెట్టుకున్నాకే మార్చండి.

శ్రీకాకుళంలో మా చిన్నమ్మ పాత ఫోనులో అమ్మమ్మ కథలు ఒకటో రెండో ఉండాలి. తెల్లవారగానే అడుగుతాను.