కొబ్బరినూనె, హలీం, దుమ్ము: లేతరంగు లెదర్ సీట్లతో ఏడేళ్లు

కారు 2018లో కొన్నాం. సీట్లు లేత గోధుమరంగు లెదర్. షోరూంలో చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు, మా అమ్మ తప్ప. "తెల్లచీర కట్టుకుని వంటింట్లోకి పోయినట్టుంటది" అంది. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ రాకపోకలు, ఆఫీసు దగ్గర నీడలేని పార్కింగు. ఆమె మాట నిజం కావడానికి ఏడాది కూడా పట్టలేదు.

మొదటి తప్పు కార్ డెకార్ షాపులో చేశాను. "అన్నా, ఒక్క కోట్ కొట్టిస్తే సీటు అద్దం లెక్క మెరుస్తది" అన్నాడు. నిజంగానే మెరిసింది, రెండు రోజులు. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారుతున్నాను. మూడో రోజుకి ఊళ్లోని దుమ్మంతా వచ్చి ఆ జిడ్డు మీద కూర్చుంది. అది సిలికాన్ పాలిష్. డాష్‌బోర్డుకి రాసేదే సీట్లకీ రాశారు.

అప్పుడు గానీ అసలు మా సీటు దేంతో చేశారో చూడాలనిపించలేదు. మాన్యువల్ తీస్తే, కూర్చునే భాగం, వీపు ఆనే భాగం మాత్రమే లెదర్. పక్కలూ వెనకా రెక్సిన్. చాలా కార్లలో ఇంతే. కొన్నిటిలో మొత్తం లెదరెట్టే (నకిలీ తోలు) ఉంటుంది, మనమే గొప్పగా లెదర్ అని చెప్పుకుంటాం. ఇంకో పరీక్ష కూడా చేశాను. లెదర్ భాగంలోనే, కనపడని చోట ఒక నీటిచుక్క వేశాను. తామరాకు మీద బొట్టులా నిలబడింది. అంటే పైన రంగు, దాని మీద పాలియురెథేన్ పూత ఉన్నాయన్నమాట. చుక్క ఇంకిపోయి అక్కడ నల్లబడితే అది పూత లేని రకం, దాని జోలికి తడిగుడ్డతో కూడా జాగ్రత్తగా వెళ్లాలి. ఇప్పటి కార్లలో ఎక్కువ శాతం పూత ఉన్నవే.

ఈ ఒక్క సంగతి తెలిశాక నా కొనుగోళ్ల లెక్క తిరగబడింది. నీళ్లే లోపలికి పోని చోట క్రీము ఎలా పోతుంది? "లెదర్‌కి దాహం వేస్తుంది, తాగించాలి" అనే మాట మన చెప్పులకీ బెల్టులకీ సరిపోతుందేమో, మా సీటుకి కాదు. దానికి శత్రువు మురికి. చెమట, తలనూనె, ఇసకలాంటి సన్నదుమ్ము కలిసి పూతను అరగదీస్తాయి. కాబట్టి డబ్బు పెట్టాల్సింది క్లీనర్ మీద.

నాకు నప్పింది లెక్సాల్ క్లీనర్. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) చూసి చేసినది. తోలు స్వభావం కాస్త ఆమ్లం వైపు ఉంటుంది కాబట్టి సబ్బులూ, క్షారం ఎక్కువున్న ఇంటి క్లీనర్లూ దానికి పడవు. ముందు వాక్యూమ్, ముఖ్యంగా కుట్ల సందుల్లో. లేకపోతే ఆ ఇసకతోనే సీటుని తోమినట్టవుతుంది. క్లీనర్‌ని సీటు మీద కాదు, మెత్తటి గుర్రపువెంట్రుకల బ్రష్ మీద కొట్టుకుని, నురగతో తేలిగ్గా రుద్ది, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయాలి. తర్వాత పిండిన తడిగుడ్డతో ఇంకోసారి. మా తమ్ముడి కారుకి వెంటిలేటెడ్ సీట్లు, నిండా చిల్లులు. ద్రవం వాటిలోంచి ఫ్యాన్ దాకా దిగిపోతుంది కాబట్టి వాడి సీట్ల మీద స్ప్రే అసలే కొట్టనివ్వను.

ఎక్కువ తిప్పలు పెట్టింది ముందు ఎడమ సీటు హెడ్‌రెస్ట్. అది అమ్మ సీటు. రోజూ కొబ్బరినూనె పెట్టి దువ్విన తల అక్కడే ఆనుతుంది. మూడేళ్లకి అరచేయంత నల్లమచ్చ, వేలితో నొక్కితే బంకగా తగిలేది. జిడ్డుకి ఎండ తోడై పూత మెత్తబడిపోతోంది. లెక్సాల్‌తో రెండుసార్లు రుద్దినా సగమే పోయింది. కలర్‌లాక్ అనే జర్మన్ కంపెనీ మైల్డ్, స్ట్రాంగ్ అని రెండు క్లీనర్లు అమ్ముతుంది. జిడ్డుకి స్ట్రాంగ్ తెప్పించాను. తెల్లగా వేసిన నురగ ఇరానీ చాయ్ రంగులో బయటికొచ్చింది. నాలుగు దఫాలకి మచ్చ నీడలా మిగిలింది, బంక పోయింది. ఇప్పుడక్కడ చేనేత తువ్వాలు ముక్క కట్టి ఉంది. వారానికోసారి ఉతుకుతాం. అన్నిటికంటే చవకైన లెదర్ కేర్ అదే.

హలీం కథ చిన్నదే. రంజాన్ నెలలో టోలిచౌకి నుంచి తెస్తుంటే మలుపులో డబ్బా ఒరిగి వెనక సీటు కుట్టులోకి నెయ్యి దిగింది. రుద్దకుండా పాత ఏటీఎం కార్డుతో గీకి తీసి, టిష్యూతో అద్ది, తర్వాత నురగ పెట్టాను. మరక నిలవలేదు గానీ వాసన నాలుగు రోజులుంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

స్టీరింగ్ పాడు చేసుకున్నది మాత్రం నేనే. 2020లో ప్రతిసారీ చేతులకి శానిటైజర్ రాసుకుని, ఆరకముందే స్టీరింగ్ పట్టుకునేవాణ్ని. ఆల్కహాల్‌కి పూత కరిగి, చేతులు పెట్టే రెండు చోట్లా రంగు గుడ్డకంటుకుని వచ్చేసింది. అది ఏ సీసాతోనూ తిరిగి రాలేదు, రంగు వేయించాల్సి వచ్చింది.

మరి కండిషనర్ (లెదర్‌కి తాగించాలనే ఆ క్రీము) దండగా అంటే, అలా అనను. లెక్సాల్‌దే వాడుతున్నాను, ఎండాకాలం ముందొకసారి, వానలయ్యాక ఒకసారి. సీటుకి రూపాయి బిళ్లంత చాలు. ఇరవై నిమిషాలాగి మిగిలింది పొడిగుడ్డతో తీసేయాలి, వదిలేస్తే మళ్లీ దుమ్ము పంచాయితీ. స్పర్శ మెత్తగా ఉంటుంది, వాసన బాగుంటుంది. డ్రైవర్ సీటు అంచున, దిగేటప్పుడు ఒరుసుకునే చోట వచ్చిన పగుళ్లని మాత్రం అది పూడ్చలేదు. ఏప్రిల్, మే ఎండల్లో అద్దం వెనక పెట్టే సన్‌షేడ్ చేసిన మేలు కూడా అది చేయలేదు. కొత్త జీన్స్ నీలం అంటకుండా కలర్‌లాక్ లెదర్ షీల్డ్ పూస్తున్నాను. అంటడం మానలేదు గానీ తడిగుడ్డకే చాలావరకు వస్తోంది. కారు కొత్తగా ఉన్నప్పుడే పూయాల్సింది.

కార్ కడిగే అబ్బాయికి ఒకటే మాట చెప్పాను: "లోపల ముట్టుకోకు బాబూ." టైర్లు తుడిచిన గుడ్డే సీట్ల మీదికీ వస్తుంది మరి.

కండిషనర్ సీసా 2021లో కొన్నది, అడుగున ఇంకా ఉంది. క్లీనర్ నాలుగోది నడుస్తోంది.