కవితల ఫెస్టివల్: ఆదివారం పాస్ చాలు

శని, ఆదివారాలు రెండూ లైవ్ పొయెట్రీ ఫెస్టివల్‌కే పెట్టేశాను. డబ్బు దండగైందని అనను. కానీ వచ్చే ఏడాది ఆదివారం ఒక్కదానికే టికెట్ తీసుకుంటా.

శనివారమంతా పేరున్న కవులది. షెడ్యూల్‌లో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలని ఉంది. ఎవరూ పాటించలేదు, ఎవరూ ఆపలేదు. ఒకాయన కవిత ఎప్పుడు రాశారో, ఎవరెవరు మెచ్చుకున్నారో ఓపిగ్గా చెప్పుకొచ్చి, తీరా కవిత దగ్గరికొచ్చేసరికి ఫోన్‌లో అది దొరక్క తడుముకున్నారు. దెబ్బ పడింది చివర్లో ఉన్న ఓపెన్ మైక్ మీద, అంటే ఎవరైనా పేరిచ్చి చదవగలిగే సెషన్ మీద. పొద్దున్నే వచ్చి పేరు రాయించుకున్నవాళ్లలో చాలామందికి వంతే రాలేదు. నా పక్క సీట్లో అమ్మాయి పొద్దుట్నుంచి పెదాలు కదుపుతూ కవిత వల్లె వేసుకుంటోంది. టైమ్ అయిపోయిందని అనౌన్స్ చేయగానే కాగితం మడిచి బ్యాగులో పెట్టేసుకుంది. నాకే ఒళ్లు మండింది.

ఆదివారం వర్క్‌షాపులు ఫర్వాలేదు. అసలు సంగతి సాయంత్రం స్లామ్, అంటే స్టేజీ మీద కవితలు చదివే పోటీ. నేనిచ్చే నాలుగు స్టార్లూ దానికే.

ఈ పోటీని మొదలుపెట్టింది షికాగోలో భవన నిర్మాణ పనులు చేసిన మార్క్ స్మిత్ అనే కవి. 1986లో గ్రీన్ మిల్ అనే క్లబ్బుకు చేరాక ఇది బాగా పాకింది. నియమాలు గట్టివి. కవిత సొంతదై ఉండాలి. మూడు నిమిషాలే టైమ్. సంగీతం, వేషం, చేతిలో వస్తువులు కుదరవు. టైమ్ దాటితే పది సెకన్లు చూసీచూడనట్టు వదిలేస్తారు, ఆపైన ప్రతి పది సెకన్లకూ అర మార్కు కోత. ప్రేక్షకుల్లోంచే ఐదుగురు జడ్జీలు పదేసి మార్కులకు వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మిగతా మూడూ కలుపుతారు. నిన్నటి పెద్దమనుషులకు కూడా ఈ గడియారం పెట్టి ఉంటే ఎంత బాగుండేదో!

సౌండ్ మాత్రం దారుణం. 'ప', 'భ' వచ్చినప్పుడల్లా స్పీకర్లలో ధడేల్‌మని మోత. మొదట ఎక్కినావిడ ఒక్క లైను చదివి ఆగి, మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిప్పుకుంది. మోత పోయింది. తర్వాత గొంతు పెంచకుండా, చెయ్యి ఊపకుండా, వాళ్లమ్మ తాళాలు ఎక్కడ పెట్టిందో మర్చిపోవడం గురించి చదివింది. మాట వినపడకుండా పోతుందని జనం చప్పట్లకు బదులు చిటికెలు వేశారు. ఆ రోజుకు బెస్ట్ అదే. మార్కులు మాత్రం చివరెక్కడో పడ్డాయి.

అది జడ్జీల తప్పని కూడా అనలేం. స్లామ్‌లో టైమ్ గడిచేకొద్దీ మార్కులు పెరుగుతూ పోతాయి, మొదటివాళ్లు నష్టపోతారు. అందుకే పోటీలో లేని కవిని ముందుగా ఒకరిని ఎక్కించి, జడ్జీలకు చెయ్యి అలవాటు చేస్తారు. ఇక్కడ ఆలస్యమైందని ఆ పని ఎగ్గొట్టారు. ఆలస్యం ఎందుకైందంటే, మైక్ పట్టుకుని వదలని అతిథి ఒకరు ఆదివారం కూడా వచ్చారు మరి.

వెళ్లేవాళ్లు ముందు వరుసల్లో కూర్చోకండి, స్పీకర్లు చెవిలోనే ఉంటాయి. హాలు మధ్యలో మాట స్పష్టంగా వినపడుతుంది.

ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఒక్కటే రాశాను: ఓపెన్ మైక్ పొద్దున పెట్టండి, పేరున్నవాళ్లు సాయంత్రం దాకా ఆగగలరు.